స్వెటర్ లోపల ముడులు

నాకు పక్షవాతం వచ్చిన సంగతి నాకంటే ముందు మా వీధికి తెలిసింది. పొద్దున వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ చీపురుతో సహా మెట్టు మీద కూలబడ్డానట. ఎదురింటామె పాల ప్యాకెట్టు కోసం బయటికి వచ్చి చూసి, "టీచరమ్మ ఏందో గిట్ల ఒరిగింది, రాండ్రి జర" అని కేకేసిందట. ఆ కేక నాకు గుర్తుంది. అది నా గురించేనని మాత్రం తెలియలేదు. వనపర్తి దవాఖానలో తెలివి వచ్చేసరికి ఎడమ చెయ్యి దుప్పటి మీద పడి ఉంది. చూస్తే నాదే. కదపబోతే ఎవరిదో.

మూతి కూడా కొంచెం వంకర పోయింది గానీ కొన్నాళ్లకు సర్దుకుంది. దాంతో నోరు నాకు మిగిలింది. మా ఆయన బతికున్నప్పుడు "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని రోజూ చెప్పేవాడు. ఆయన పోయాక ఆ మాట అనేవాళ్లు లేక నా నోరు ఇంకాస్త ముదిరింది. దవాఖానలో ఒక అమ్మాయి రబ్బరు బంతి తెచ్చి ఎడమ చేతిలో పెట్టి పిసకమంటే, "నేనేమన్న పసిపిల్లనా బంతులాడుకోనీకి" అని కసిరాను. ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. నాలాంటివాళ్లను రోజూ ఎంతమందిని చూస్తుందో.

నేను చదువు చెప్పే టీచర్ని కాను. నాగర్‌కర్నూల్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు ఒక ముసలి టీచరమ్మ దగ్గర ఊలు అల్లిక నేర్చుకున్నాను. ఆ పనే తర్వాత వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో కుట్టు టీచరు ఉద్యోగమై, వాళ్లు మాన్పించేదాకా అన్నం పెట్టింది. మా వైపు ఊలు అంటే జనం నవ్వుతారు. చలి చుట్టపుచూపుగా వచ్చి పోతుంది, మిగతా ఏడాదంతా ఎండే. అయినా ఆ బడిలో టీచర్లకు పుట్టిన పిల్లల్లో నా చేతి టోపీ పెట్టుకోని పిల్ల లేదు. నా దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలకు ఒక్క నియమం మాత్రం గట్టిగా చెప్పేదాన్ని. అల్లికలో ముడి ఉండకూడదు. ఊలు అయిపోతే కొత్త ఊలు కలిపి పట్టుకుని నాలుగు కుట్లు రెంటితో అల్లాలి, మిగిలిన కొసలు వెనకవైపు దాచాలి. ముడి వేస్తే పసివాళ్ల ఒంటికి గుచ్చుకుంటుంది, ఉతికితే ఊడి బొక్క పడుతుంది. ముడి కనబడితే చాలు, సగం స్వెటరైనా సరే మొత్తం విప్పించేదాన్ని. ఆ పిల్లలు నన్ను ఎన్ని శాపనార్థాలు పెట్టారో. కొన్ని తగిలినట్టే ఉన్నాయి.

నాకు ఒక్కతే కూతురు. పెద్దమందడిలో ఇచ్చాం. అల్లుడు టైల్స్ పని చేస్తాడు. ఇక్కడ పని లేనప్పుడు, అంటే ఎప్పుడూ, పుణె పోతాడు. నా కూతురు కూడా వెంట పోయి కడుతున్న బిల్డింగుల దగ్గర కూలి చేస్తుంది. ఇంటర్ దాకా చదివించిన పిల్ల తట్ట మోస్తోందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు. మనుమరాలికి ఐదేళ్లు నిండాయి. పుట్టినప్పటి నుంచి వాళ్లతోనే, బిల్డింగు పక్కన రేకుల షెడ్డులో పెరిగింది. బడి లేదు. నాలుగు హిందీ తిట్లు తప్ప చదువు రాలేదు. జూన్‌లో దాన్ని నా దగ్గర ఉంచి ఇక్కడి బడిలో ఒకటో తరగతిలో వేయాలని అనుకున్నాం. అందరికంటే ఎక్కువ నేనే అనుకున్నాను. అంతలో ఈ చెయ్యి.

కూతురు పుణె నుంచి పరుగున వచ్చి మంచం పక్కన కూర్చుంది. నా ఎడమచేతిని ఎత్తి చూసి, "ఇగ బిడ్డ సంగతి ఎట్లమ్మా" అంది.

"ఎట్లేంది? జూన్ దాకా టైమున్నది. అప్పటికి చెయ్యి వస్తది."

"రాకపోతే?"

"రాకపోతే నీ దగ్గరనే పెట్టుకో. నాది చెయ్యి గాదు, కట్టె అనుకుంట."

కోపంగానే అన్నాను గానీ మాట మాటే. చెయ్యి వస్తే పిల్ల బడికి పోతుంది. రాకపోతే ఆ రేకుల షెడ్డులోనే ఉండిపోతుంది. కూతురు కొన్నాళ్లుండి పుణె తిరిగి పోయింది. ఆ ఎండాకాలమంతా నాకు వేరే ఆలోచన లేదు.

రోగం వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పడానికి వచ్చే జనాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకావిడ వాళ్ల మామ ఇట్లాగే పడి ఎన్నాళ్లకు పోయాడో వివరంగా చెప్పింది. ఇంకొకామె పావురం నెత్తురు రాయమంది. చర్చి నుంచి వచ్చినవాళ్లు ప్రార్థన చేసి, చాయ్ తాగి, అంతా ఆయన చిత్తం అని వెళ్లిపోయారు. ఆయన చిత్తం ఇదే అయితే ఆయనతో నేను వేరుగా మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.

మా వెనకింటి అక్క మాత్రం ఏమీ చెప్పలేదు. వచ్చి, వంటింటి మూలన వాడిపోతున్న చిక్కుడుకాయలు చేటలో పోసుకుని, నా మంచం పక్కన నేల మీద కూర్చుని ఈనెలు తీసింది. అన్నీ అయ్యాక తలెత్తి, "ఉప్పు ఏడ పెట్టినవ్" అంది. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది.

ఈమెది గద్వాల. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ నేతపని ఇళ్లే. భర్త మగ్గం మీద కూర్చుంటే ఈమె కండెలు చుట్టేది, తెగిన పోగులు కలిపేది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట అంతా వేళ్ల పనే. భర్త పోయాక కొడుకు మగ్గం గుంట పూడ్చేసి, వనపర్తికి వచ్చి ఒక చీరల షాపులో కుదిరాడు. తల్లి అప్పుడప్పుడు షాపుకు పోయి కొనడానికి వచ్చిన గిరాకీల చేతుల్లోని చీరల అంచులు పట్టుకుని చూస్తోందని, ఇక రావద్దన్నాడు. ఆమె మళ్లీ ఆ వీధికే పోలేదు.

మా స్నేహం జగడంతో మొదలైంది. వాళ్లు బట్టలుతికిన నీళ్లు మా గోడ కిందికి వస్తున్నాయని నేను ఒకరోజు వీధంతా వినబడేలా అరిచాను. ఆమె గడపలో నిలబడి మొత్తం వింది. "అయిపోయిందా? జర నీళ్లు తాగు, గొంతు ఎండుతది" అంది. మర్నాటికల్లా నీళ్లు ఇంకో వైపు మళ్లించింది. అప్పటి నుంచి రోజూ పగటి అన్నాలయ్యాక వచ్చి నేను అల్లుతుంటే చూస్తూ కూర్చునేది. నాకంటే కొంచెం పెద్దది, నేను అక్కా అంటాను. ఆమె నన్ను టీచరమ్మా అంటుంది. అందులో సగం మర్యాద, సగం వెక్కిరింపు.

ఆమెకు మాత్రం దిగులు లేదా. కోడలు వేరే పొయ్యి పెట్టుకోలేదు గానీ పెట్టుకున్నట్టే. అత్తకు ముందుగా ఒక గిన్నెలో అన్నం, కూర వేసి మూతపెట్టి బయటి గదిలో ఉంచుతుంది, తర్వాత వాళ్లు లోపల కూర్చుని తింటారు. "తిట్టదు, కొట్టదు. కొడుకుకు ఏం చెప్పుకుందు?" అని ఒకసారి ఆమె అంది. ఊరడించడం నాకు చేతకాదు. "ఆ గిన్నె తీస్కొని నా కాడికి రా, ఇద్దరం తిందం" అన్నాను. మర్నాటి నుంచి గిన్నె కొంగు చాటున పెట్టుకుని వచ్చేది. నాకు పక్షవాతం వచ్చేదాకా ఇద్దరం అట్లాగే తిన్నాం. వచ్చాక ఆమె కలిపి పెడితే నేను తిన్నాను.

ఎండలు ముదిరాక నేను ఆమెను ఊలు తెమ్మన్నాను. బడి యూనిఫాంకు సరిపోయే మెరూన్ రంగు, మనుమరాలి స్వెటర్‌కు. షాపువాడు ఆమెను ఎగాదిగా చూసి, ఈ ఎండలకు ఊలేందమ్మా అని అడిగాడట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆమె వచ్చి చెబితే ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక నేను చెప్పాను.

"ఈ స్వెటర్ అయితే నా చెయ్యి వచ్చినట్టే అక్కా. కాకపోతే రానట్టే. ఇగ నా బతుకు మంచానికే."

ఆమె ఊలు ఉండను నా ఒళ్లో పెట్టింది. "అయితది తియ్" అంది.

ఎడమ పుల్లను చంకలో ఇరికించుకుని, పనికిరాని వేళ్లను దాని మీద ఆనించి, కుడిచేత్తో అల్లడం మొదలుపెట్టాను. ఒక వరుస అయ్యేసరికి జాకెట్టు తడిసిపోయేది. పడిపోయినప్పటి నుంచి ఎడమ పక్క చూపు కూడా మసక. పుల్ల మీద నుంచి కుట్టు జారినా నాకు తెలిసేది కాదు. బట్టను తిప్పి వెనకవైపు చూసుకోవాలంటే రెండు చేతులు కావాలి. అందుకే ఆమెను అడిగేదాన్ని.

"కుట్లేమన్న జారినయా అక్కా? తిప్పి చూడు."

ఆమె కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసేది. "బాగనే వస్తున్నది. నిన్నటికన్న ఇయ్యాల నయం."

ఆ ఒక్క మాట కోసం నేను పొద్దుటి నుంచి కాచుకుని ఉండేదాన్ని. ఒక్కోరోజు చెయ్యి అసలు లేవకపోతే పుల్లలు గోడకేసి కొట్టేదాన్ని. ఆమె లేచి పోయి ఏరి తెచ్చి మళ్లీ ఒళ్లో పెట్టేది. సాయంత్రం పోయేటప్పుడు బుట్ట తనే తీసుకుపోయేది. "మా కోడలికి చూపిస్త. ఆమెకు నేర్సుకోవాల్నని ఉన్నది" అనేది. నేనూ ఆ కోడలు మారుతున్నదేమో అని సంతోషపడ్డాను. మర్నాడు పుల్లలు చేతికి తీసుకుంటే కుట్లన్నీ ఉండేవి. లెక్క తప్పేది కాదు. ఆడపిల్లల కుట్లు లెక్కపెట్టినదాన్ని నేను, లెక్క సరిపోతే చాలు, నమ్మేశాను.

మధ్యలో ఒక శనివారం ఆమె శ్రీరంగాపూర్ పోయి రంగనాయకస్వామికి నా చెయ్యి గురించి మొక్కుకుని వచ్చింది. తులసాకు తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

"మా దేవునికి తెలిస్తే?" అన్నాను.

"చెప్పకు."

బళ్లు తెరవబోయే ముందు స్వెటర్ ముందు భాగం, వెనక భాగం అయ్యాయి. చేతులు అల్లే ఓపిక లేక, చేతుల్లేని స్వెటర్‌గానే ముగించాను. పక్కలు ఆమే సూదితో కుట్టింది. దాన్ని మడిచి ట్రంకు పెట్టెలో పెట్టి నా కూతురికి ఫోన్ చేశాను. "చెయ్యి వచ్చింది. స్వెటర్ అల్లిన. బిడ్డను తోల్కొచ్చి దింపు" అన్నాను. "సరేనమ్మా" అంది. నేను ఇంకా వాదించడానికి సిద్ధంగా ఉన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటుందనుకోలేదు.

పిల్ల వచ్చింది. ఎండకు కమిలి, జుట్టు ఎర్రబడి, కాళ్లకు గజ్జి మచ్చలతో వచ్చింది. మొదట్లో నన్ను చూసి దాక్కునేది. స్నానం పోయడానికి స్నానాలగది తలుపు వేస్తే చాలు, నా కొంగు పట్టుకుని ఏడ్చేది. కొత్త చోటు కదా అనుకున్నాను. కొద్దిరోజుల్లో అలవాటు పడి, బడి నుంచి వచ్చి అ ఆలు నాకే నేర్పడం మొదలుపెట్టింది.

అక్క ఇప్పుడు పొద్దున్నే వచ్చేది. "నాకు ఆడపిల్ల లేకపాయె, జడలేసే సరదా తీరలె" అని పిల్లకు రెండు జడలు వేసేది. తాను వచ్చాను కదా అని పొయ్యి మీది నీళ్లు దించేది. ఎట్లాగూ లేచాను కదా అని అన్నం గంజి వంచేది. ప్రతి పనికీ ఆమె దగ్గర ఒక సాకు ఉండేది. నేను ఏ ఒక్క సాకునూ తిప్పి చూడలేదు. పిల్లను నేనే పెంచుతున్నానని వీధిలో చెప్పుకున్నాను కూడా.

వానలు మొదలయ్యాక, బంధువులింట్లో దినమని ఆమె గద్వాల పోయింది. మర్నాడు పొద్దున పొయ్యి మీద పిల్ల స్నానానికి నీళ్లు మరిగాయి. పాత గుడ్డతో గిన్నె రెండు అంచులూ పట్టుకుని దించబోయాను. కుడిచెయ్యి లేచింది. ఎడమది లేచినట్టే లేచి, మధ్యలో వదిలేసింది. గిన్నె ఒక పక్కకు ఒరిగి నీళ్లు బండల మీద పరుచుకున్నాయి. పిల్ల అక్కడే నిలబడి ఉంది. ఎగిరి పక్కకు దూకింది గానీ ఒక పాదం మీద పడనే పడ్డాయి.

అది వెంటనే ఏడవలేదు. నా మొహం చూసింది. "అమ్మమ్మా, కోప్పడకు, నేను పక్కకు జరగలె" అంది. తన తప్పే అనుకుంది. ఆ తర్వాత ఏడ్చింది.

ఎదురింటామె ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయింది. పైపైనే కాలింది, బొబ్బ అణిగిపోతుందన్నారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ముసురు పట్టింది. పిల్ల వణుకుతుంటే ట్రంకు తెరిచి స్వెటర్ తీసి తొడిగాను. కాసేపటికే అది మెడ దగ్గర, వీపు మీద గీరుకోవడం మొదలుపెట్టింది.

"ఇప్పు అమ్మమ్మా. లోపల ఏవో గుచ్చుకుంటున్నయ్."

విప్పాను. ఒళ్లో పరుచుకుని, లోపలివైపు పైకి తిప్పి, లైటు కింద అరచెయ్యి పెట్టి రాసి చూశాను. ముడులు. ఒకటి కాదు, రెండు కాదు, వీపంతా ముడులే. సన్నగా, చదునుగా, కొసలు దగ్గరికి కత్తిరించి, పోగు తెగితే నేతవాళ్లు వేసే ముడులు. ఆమెకు అల్లిక రాదు. జారిన కుట్టును పైకి ఎక్కించడం తెలియదు. అందుకని జారినచోట ఊలు ముక్కతో కట్టి, అక్కడి నుంచి కొత్త పోగు పైకి లాగి పుల్లకు తగిలించింది. మగ్గం మీద ఏం చేస్తుందో అదే చేసింది. నేను అల్లిందెంతో, ఆమె కట్టిందెంతో ఇక తేల్చలేకపోయాను. నా చెయ్యి ఎన్నడూ రాలేదు. వచ్చిందని నేను ఫోన్ చేసి చెప్పాను, పిల్లను తెచ్చుకున్నాను, పిల్ల కాలు కాల్చాను.

ఆమె గద్వాల నుంచి వచ్చి, చేతిసంచి కూడా దించకుండా నేరుగా మా ఇంటికే వచ్చింది. పిల్ల కాలు చూసి, "అయ్యో, ఇదేంది" అని వంగబోయింది. నేను స్వెటర్ ఆమె కాళ్ల ముందు పడేశాను.

"ముందు ఇదేందో చెప్పు."

ఆమె చూసింది. తీసుకోలేదు. "నేనే కట్టిన" అంది.

"రోజూ బాగున్నది, బాగున్నది అన్నవ్. అంతా అబద్ధమేనా?"

"నీ బతుకు మంచానికే అన్నవ్ గద. మా ఆయన గట్లనే అన్నడు." ఆమె గొంతు పెంచలేదు. "చూపు తగ్గినంక అంచుల తప్పులు వస్తుండె. నేను దాస్తలేకుంటి. ఈడ తప్పింది, ఆడ తప్పింది అని అన్నీ చూపించిన. నిజమే చెప్పిన. ఒకనాడు మగ్గం దిగి పండుకున్నడు. మల్ల లేవలె. ఏ రోగమూ లేదన్నరు."

అది విన్న తర్వాతైనా నేను ఊరుకోవలసింది. పిల్ల పాదం మీద తెల్లటి మందు కనబడుతోంది.

"నీ మొగుడు లేవలేదని నా బిడ్డను కాల్చుకోవాల్నా? పో అక్కా. నీ ధైర్యమొద్దు, నీ సాయమొద్దు."

ఆమె సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పిల్ల తల విరబోసుకుని బడికి పోయింది. టీచరు రబ్బరు బ్యాండు వేసి పంపింది. చన్నీళ్లే పోశాను. ఎదురింటామె గంజి వంచి ఇచ్చింది గానీ రోజూ ఆమెనెట్లా పిలుస్తాను? పిల్ల మాత్రం "పెద్దమ్మమ్మ ఎప్పుడొస్తది" అని అడుగుతూనే ఉంది. నేను ఎడమచేతిని కుడిచేత్తో నొక్కుకుంటూ కూర్చునేదాన్ని. పిల్లను పంపేయాలి. అనుకున్నప్పుడల్లా ఫోన్ తీసి మళ్లీ పక్కన పెట్టేదాన్ని. బడిలో పలక మీద తన పేరు రాయడం దానికి అప్పుడే వచ్చింది.

ఆదివారం సాయంత్రం, పిల్ల మెట్ల మీద ఎదురింటి పిల్లలతో ఆడుకుంటుండగా కూతురికి ఫోన్ చేశాను. కాలు సంగతి చెప్పాను. గుక్క తిప్పుకోకుండా మిగతాదీ చెప్పాను.

"నా చెయ్యి రాలేదు బిడ్డా. స్వెటర్ నేను అల్లింది గాదు. వచ్చి తీస్కపో."

అటువైపు ఏదో మిషన్ చప్పుడు వినబడుతోంది. అది ఆగింది.

"నాకు తెల్సమ్మా."

"ఏం తెల్సు?"

"నువ్వు ఫోన్ చెయ్యకముందే వెనకింటి పెద్దమ్మ చేసింది. చెయ్యి రాలేదు, మీ అమ్మకు చెప్తే మంచం పడ్తది, నేను చూసుకుంట, నీ ఇష్టం అన్నది."

"తెలిసి ఎట్ల ఇడ్సిపోయినవే పసిదాన్ని?"

కూతురు గొంతు తగ్గించింది.

"ఈడ పనికి పోయేటప్పుడు షెడ్డుల పెట్టి బయట గొళ్లెం పెడ్తుంటిమమ్మా. లిఫ్టు గుంటలు తెరిసే ఉంటయ్, ఇడ్సిపెడ్తే అటే పోతది. పగటీలి అన్నానికి వచ్చి తీస్తే, ఏడ్సి ఏడ్సి తలుపుకాడనే నిద్రపోయి ఉంటుండె. నీకు చెప్పలె. నీ ఒక్క చెయ్యి నయం అనుకున్న. తీస్కపొమ్మంటే వస్త. ఏడికి తీస్కపోవాల్నో నువ్వే చెప్పు."

ఫోన్ పెట్టేశాను. తలుపు వేస్తే పిల్ల నా కొంగెందుకు పట్టుకుందో, గిన్నె ఒరిగితే తన తప్పని ఎందుకనుకుందో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ నా చెయ్యి ఒక్కటే లోకంలో పెద్ద కష్టమనుకున్నాను.

గోడ పట్టుకుని వెనకింటికి నడిచాను. ఆమె బయటి గదిలో నేల మీద కూర్చుని గిన్నె మూత తీసి ఒక్కతే తింటోంది. లోపలి గదిలోంచి వాళ్ల మాటలు వినబడుతున్నాయి. నన్ను చూసి ముద్ద గిన్నెలోనే వదిలేసింది. క్షమించమని అడగాలనే పోయాను. ఆ మాట రాలేదు.

"బిడ్డను లోపలేసి గొళ్లెం పెట్టేటోళ్లట అక్కా."

"తెల్సు. ఫోన్ల చెప్పి ఏడ్సింది."

"నాకు చెప్పకపోతివి."

"చెయ్యి ఒక్కదానికే నీ పానం పోతుండె. ఇంకొకటి ఎట్ల చెప్పాలె?"

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఎడమచెయ్యి పక్కన వేలాడుతోంది, దాన్ని కొంగుతో కప్పుకోవాలని కూడా అనిపించలేదు. మా ఆయన పోయినప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు, దవాఖానలో పడి ఉన్నప్పుడు కూడా ఎవరితోనూ అనని మాట నోటిదాకా వచ్చింది.

"పొద్దున నీళ్లు దించాలె, జడలెయ్యాలె, గంజి వంచాలె," అన్నాను. "నాతోని అయితలేదు అక్కా."

ఆమె చెంబు అందుకుని చెయ్యి కడుక్కుంది.

"ఎన్నింటికి లేస్తది పిల్ల?" అంది.